రెండు టవర్లు, ఒక దోవ: మన చేలో 1885 నాటి చట్టం

ఈ ఎపిసోడ్ మన సీమ చేలల్లో నిలబడ్డ టవర్ల గురించి. టవర్ అంటే సిగ్నల్, 5జీ అనుకోకండి. ఈరోజు మాట్లాడేది టవర్ కింద ఉన్న నేల గురించి, ఆ నేల దగ్గరికి పోయే దోవ గురించి.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు బస్సులో పోతుంటే కిటికీలోంచి రెండు రకాల టవర్లు కనిపిస్తాయి. ఒకటి సెల్ టవర్. చుట్టూ కంచె, గేటుకు తాళం, లోపల జనరేటరు, బ్యాటరీలు. రెండోది హైటెన్షన్ కరెంటు టవర్. నల్లరేగడి చేలో నాలుగు కాళ్లు పాతుకుని, శనగ చేను మీదుగా తీగలు లాక్కుంటూ పోతుంది.

సెల్ టవర్ పెట్టాలంటే కంపెనీ మనిషి మీ ఇంటికొస్తాడు. అరుగు మీద కూర్చుని బాడుగ మాట్లాడతాడు, సంతకం పెట్టించుకుంటాడు. కరెంటు టవర్ పెట్టాలంటే సర్వే వాళ్లు చేలోకొచ్చి గుర్తులు పెడతారు, ఒక నోటీసు వస్తుంది, పని మొదలవుతుంది. నష్టపరిహారం ఇస్తారు, సంతకం మాత్రం అడగరు. అదే ఇనుము, అదే చేను, అదే రైతు. ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెప్తారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

దీని వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. ఆ కథ మీకు ఇప్పుడెందుకంటే, మీ నాన్నో, పెదనాన్నో సంతకం పెట్టిన టవర్ అగ్రిమెంట్ రేపు మీ చేతికొస్తుంది. బాడుగ సంగతి అందరికీ తెలుసు. దోవ సంగతి చాలామంది చదవరు.

మన్రో కొలిచిన చేలు

1800 అక్టోబర్ 12న నిజాం ఒక ఒప్పందంతో మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అందుకే మనల్ని దత్త మండలాలు అన్నారు. రాయలసీమ అన్న పేరు చాలా తర్వాత, 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు గారి నోట వచ్చింది. కర్నూలు పట్నం మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. 1858లో కడప, బళ్లారి జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు కలిపి కర్నూలు జిల్లా చేశారు.

దత్త మండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఇక్కడే పనిచేశాడు. పాలెగాళ్లను అణిచి, 1802లో సర్వే మొదలుపెట్టించాడు. చేను చేనుకు కొలత, చేను చేనుకు శిస్తు. మధ్యలో జమీందారు లేడు. ఇటు సర్కారు, అటు రైతు. ఇదే రైత్వారీ.

అదే కాలంలో కోస్తాలో సర్కారు జిల్లాలకు జమీందారీ పద్ధతి పెట్టారు. అక్కడ వందల ఊళ్ల మీద ఒక జమీందారు. మన దగ్గర ప్రతి చేనుకూ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక రైతు. మీ పాస్‌బుక్కులో కనిపించే సర్వే నంబరు ఆలోచన ఆ కాలం నుంచే వస్తోంది. కాబట్టి సీమలో ఎవరైనా స్తంభం పాతాలన్నా, తీగ లాగాలన్నా ఒక్క పెద్దమనిషితో మాట్లాడితే సరిపోదు. రైతు రైతుతో మాట్లాడాలి, లేదంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని ఒక చట్టం తెచ్చుకోవాలి. తర్వాత జరిగింది ఈ రెండోదే.

చేలకు నంబర్లు వేశారు సరే, దోవల సంగతేంటి? పెద్ద బాటలు, బండ్ల బాటలు సర్కారు లెక్కలో రస్తా పోరంబోకుగా ఎక్కాయి. గట్టు పక్కన గుంటక, ఎద్దులు పోయే సన్న దోవలు చాలా చోట్ల కాగితం మీదికి రాలేదు. అవి మనుషుల జ్ఞాపకంలో ఉన్నాయి, ముఖ్యంగా కరణం జ్ఞాపకంలో. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. ఆ పదవుల మీద ఊళ్లలో ఉన్న కోపానికి కారణాలున్నాయి, అది వేరే ఎపిసోడ్. కానీ ఏ దోవ ఎవరిది, ఎప్పటి నుంచి అన్నది కాగితం లేకుండా చెప్పగలిగే మనిషి కూడా ఆ పదవితో పాటే పోయాడు.

కాగితం మీద హక్కు ఎంత గట్టిదో, ఎంత తేలిగ్గా పోతుందో మన జిల్లాల చరిత్రే చెప్తుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వెనక పింఛన్ల తగాదాతో పాటు, ఊరి కావలి చేసే కట్టుబడి వాళ్ల ఇనాం భూములు కంపెనీ తీసేసుకున్న కోపం కూడా ఉంది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలో ఉరి తీశారు. కోయిలకుంట్ల అప్పుడు కడప జిల్లాలోనే ఉండేది.

1882: అలో బటన్

ఇప్పుడు దోవ హక్కు దగ్గరికి వద్దాం. 1882లో ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్ వచ్చింది. మొదట అమలైంది దేశమంతా కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ, సెంట్రల్ ప్రావిన్సెస్, కూర్గ్, ఈ మూడు చోట్లే. బొంబాయికి 1891లో వెళ్లింది. అంటే కర్నూలు, కడప జిల్లాలు మొదటి రోజు నుంచే ఈ చట్టం కింద ఉన్నాయి. తుంగభద్ర దాటితే నిజాం రాజ్యం, అక్కడి చట్టాలు వేరు.

ఈజ్‌మెంట్ అంటే పక్కవాడి నేలను ఒక ఫలానా పనికి వాడుకునే హక్కు. నేల మీది కాదు, దోవ మాత్రం మీకుంటుంది. ఈ చట్టంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. బీటెక్ చదివి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి నాకు అర్థమైన పద్ధతిలో చెప్తా.

మీ ఫోన్‌లో ఒక యాప్ లొకేషన్ అడుగుతుంది. యాప్ వాడేటప్పుడు మాత్రమే అని నొక్కొచ్చు, ఎప్పుడూ అని నొక్కొచ్చు. మొదటిదాన్ని ఎప్పుడైనా సెట్టింగ్స్‌లోకి పోయి ఆపేయొచ్చు. చట్టంలో దానికి దగ్గరగా ఉండేది లైసెన్స్, అంటే అనుమతి. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవచ్చు. రెండోదానికి దగ్గరగా ఉండేది ఈజ్‌మెంట్. అది మనిషికి ఇచ్చిన అనుమతి కాదు, నేలకు అతుక్కున్న హక్కు. చేను అమ్మినా దాంతో పాటే పోతుంది.

ఈజ్‌మెంట్ ఎలా పుడుతుంది? రాసిస్తే పుడుతుంది. రాయకపోయినా రెండు ముఖ్యమైన దారుల్లో పుట్టొచ్చు. సెక్షన్ 15 ప్రకారం ఒక దోవను 20 ఏళ్ల పాటు గొడవ లేకుండా, బాహాటంగా, మధ్యలో ఆగకుండా, ఎవరి దయతోనో కాకుండా తన హక్కుగా వాడితే అది హక్కే అవుతుంది. సెక్షన్ 13 ప్రకారం, ఉమ్మడి భూమి పంచుకున్నప్పుడు ఒకరి భాగానికి ఇంకొకరి భాగంలోంచి తప్ప దోవ లేకపోతే, ఆ అవసరం నుంచే హక్కు పుడుతుంది.

సెక్షన్ 15లో ఉన్న కీలకం గమనించండి. అనుమతి తీసుకుని నడిస్తే 20 కాదు, 40 ఏళ్లయినా హక్కు పుట్టదు. మా చేలోంచి పోనీలే అని నోటిమాటగా వదిలేస్తే, రేపు అది అనుమతా, హక్కా అని తేల్చడానికి కోర్టులో సాక్షులు కావాలి. ఒక చిన్న కాగితం మీద అనుమతి అని రాసుకుని ఉంటే ఆ ప్రశ్నే రాదు.

ఇంకో ముడి కూడా ఉంది. లైసెన్స్ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు అన్నాను కదా. సెక్షన్ 60 దానికి మినహాయింపులు పెట్టింది. అనుమతి తీసుకున్నవాడు దాన్ని నమ్ముకుని, డబ్బు ఖర్చు పెట్టి, శాశ్వతంగా ఉండే నిర్మాణం కట్టేస్తే ఆ అనుమతి వెనక్కి తీసుకోవడం కుదరదు, మీ మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప. 1882లో ఇది రాసినవాళ్లకు సెల్ టవర్ తెలీదు. కానీ కాంక్రీటు పునాది మీద కట్టిన టవర్, దానికోసం గ్రావెల్ పోసి చేసిన దోవ, ఈ వాదన ఎత్తుకోవడానికి కంపెనీ లాయరుకు అంతకంటే ఏం కావాలి?

1885: తీగ వచ్చింది

మూడేళ్ల తర్వాత, 1885లో, ఇండియన్ టెలిగ్రాఫ్ యాక్ట్ వచ్చింది. అంతకు ముందే 1850ల నుంచి దేశంలో టెలిగ్రాఫ్ తీగలు పరుచుకుంటూ వచ్చాయి. సర్కారుకు తీగ అంటే పాలన, సైన్యం, రైలు. ఆ తీగ వేల చేల మీదుగా పోవాలి. ఒక్కో రైతుతో బేరం ఆడుతూ కూర్చుంటే పని జరగదు.

అందుకే సెక్షన్ 10 పెట్టారు. టెలిగ్రాఫ్ శాఖ ఎవరి స్థలంలోనైనా స్తంభం పాతొచ్చు, తీగ లాగొచ్చు. ప్రైవేటు రైతు ఒప్పుకోలు అవసరం లేదు. అందుకు బదులుగా మూడు మాటలు రాశారు. ఒకటి, ఆ స్థలంలో సర్కారుకు వచ్చేది వాడుక హక్కు మాత్రమే, నేల రైతుదే. రెండు, వీలైనంత తక్కువ నష్టం చేయాలి. మూడు, జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి.

చట్టం ఇంగ్లిష్ మాటల్లో ఆ మొదటిది యూజర్ ఓన్లీ అని ఉంటుంది. మనకు యూజర్ అంటే యాప్ వాడే మనిషి. 1885లో ఆ మాటకు అర్థం వాడుక. ఆ రెండు మాటల మీదే నూట నలభై ఏళ్లుగా మన చేలల్లో స్తంభాలు నిలబడి ఉన్నాయి.

రైతు అడ్డుకుంటే? సెక్షన్ 16 ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు, ఉత్తర్వు ఇస్తాడు. ఆ తర్వాత కూడా అడ్డుకుంటే నేరం. పరిహారం చాలలేదంటే జిల్లా జడ్జి దగ్గరికి పోవచ్చు. సెక్షన్ 17లో ఇంకో హక్కు ఉంది, ఇది చాలామందికి తెలీదు. మీ స్థలంలో మీరేదైనా కట్టుకోవాలనుకుంటే, తీగను ఆ స్థలంలోనే ఇంకో చోటికి మార్చమని అడగొచ్చు. ముందే పరిహారం తీసుకుని ఉంటే, మార్చే ఖర్చు, ఆ పరిహారంలో సగం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది మీరు కట్టాలి.

కరెంటు వాళ్లకు ఈ అధికారం ఎలా వచ్చిందంటే, 1910 నాటి విద్యుత్ చట్టం టెలిగ్రాఫ్ శాఖ అధికారాన్ని కరెంటు లైన్లకు కూడా ఇవ్వొచ్చని చెప్పింది. 2003 విద్యుత్ చట్టంలో అదే సెక్షన్ 164 అయింది. గని–శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. అక్కడ పుట్టిన కరెంటు బయటికి పోవాలంటే లైన్లు కావాలి, లైన్లకు టవర్లు కావాలి, టవర్లకు చేలు కావాలి. కరెంటు టవర్ వాళ్లు మనల్ని అడగకుండా చెప్పడానికి కారణం ఇదే. 1885 నాటి తీగ అధికారాన్ని వాళ్లు అప్పు తెచ్చుకున్నారు.

2016 డిసెంబర్‌లో పవర్‌గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, ఈ అధికారం ఉన్న సంస్థకు భూ యజమాని ముందస్తు ఒప్పుకోలు అక్కర్లేదని. అయితే సెక్షన్ 164 కింద సర్కారు ఉత్తర్వు ఉంటేనే ఈ అధికారం. అది లేని కంపెనీ 2006 నాటి రూల్స్ ప్రకారం యజమాని ఒప్పుకోలో, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతో తెచ్చుకోవాలి. కాబట్టి చేలోకి సర్వే మనిషి వస్తే అడగాల్సిన మొదటి మాట: అన్నా, 164 ఉత్తర్వు కాపీ చూపించు.

పరిహారం సంగతి కూడా రెండు మాటల్లో. 2015లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. టవర్ కాళ్ల కింది నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి 15 శాతం దాకా. 2024 జూన్‌లో దాన్ని 200 శాతం, 30 శాతం చేసింది. ఇవి మార్గదర్శకాలు, రాష్ట్రాలు తమ ఉత్తర్వులతో అమలు చేసుకోవాలి. అంతకు ముందు 2007లో, కేరళ విద్యుత్ బోర్డు, లివిషా కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. పరిహారానికి ఒకే లెక్క ఉండదు, తీగ చేలో ఎక్కడి నుంచి పోతోంది, మిగిలిన నేల దేనికి పనికొస్తుంది, ఇవన్నీ చూడాలని.

సెల్ టవర్ మాత్రం సంతకం అడిగింది

దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలు ఊరూరా టవర్లు వేశాయి. సెక్షన్ 10 అధికారం టెలిగ్రాఫ్ శాఖది. ప్రైవేటు టవర్ కంపెనీకి అది దానంతట అదే రాదు. పైగా ఒక స్తంభం, ఒక తీగతో అయ్యే పని కాదిది. కంచె వేసుకున్న జాగా కావాలి, జనరేటరు కావాలి, అర్ధరాత్రి అయినా టెక్నీషియన్ పోగలగాలి. అందుకే వాళ్లు 1885ను పక్కనపెట్టి మామూలు లీజు దారిలో వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు.

లీజు అంటే ఇంకో పాత చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఏడాది దాటిన లీజు, ఏడాది లెక్కన బాడుగ రాసిన లీజు రిజిస్టర్ చేయాలి. పదిహేనేళ్ల అగ్రిమెంట్‌ను నోటరీతో సరిపెట్టారంటే, రేపు దాంట్లోని షరతుల్ని కోర్టులో చూపించుకోవడానికి ఇబ్బంది పడేది మీరు కూడా.

మన జిల్లాల్లో ఈ రిజిస్ట్రేషన్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. డీ పట్టా భూములకు 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డు. ఆ చట్టంలో బదిలీ అనే మాటకు అమ్మకమే కాదు, లీజు కూడా అర్థం. రెండోది చుక్కల భూములు. బ్రిటిష్ కాలం రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన నేలలు. తరాలుగా దున్నుకుంటున్నా, గడిలో పేరు లేక నిషేధిత జాబితాలో చిక్కుకుంటాయి. దీనికోసం 2017లో రాష్ట్రం ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. నూరేళ్ల కిందటి గుమాస్తా పెట్టిన చుక్క ఈరోజు టవర్ బాడుగను ఆపగలదు.

చేతులు మారిన టవర్

సంతకం ఒకరితో పెడతాం, టవర్ ఇంకొకరి పేరు మీద ఉంటుంది. ఇండస్ టవర్స్ 2007లో పుట్టింది, 2020లో భారతీ ఇన్‌ఫ్రాటెల్‌తో కలిసిపోయింది. ఎయిర్‌సెల్ తన 17,500 టవర్లను 2010లో జీటీఎల్ ఇన్‌ఫ్రాకు అమ్మింది. జియో టవర్లు 2020లో, అమెరికన్ టవర్ కంపెనీ భారత టవర్లు 2024లో బ్రూక్‌ఫీల్డ్ చేతికి వచ్చాయి.

ఇలా ఎలా కుదురుతుంది, మనల్ని అడగకుండా? ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం, అగ్రిమెంట్‌లో వద్దని రాసుకోకపోతే, లీజుదారు తన హక్కును ఇంకొకరికి ఇవ్వొచ్చు. వద్దని రాసుకోవడం మన పని. చాలా అగ్రిమెంట్లలో దీనికి ఉల్టా, బదిలీకి ముందే ఒప్పుకున్నట్టు ఒక లైను ఉంటుంది.

2018లో ఎయిర్‌సెల్ దివాలాకు పోయింది. బాడుగ ఒక గొలుసు. టెలికాం కంపెనీ టవర్ కంపెనీకి కడుతుంది, టవర్ కంపెనీ మనకు కడుతుంది. పైన కొక్కెం ఊడితే కింద మన చేతికొచ్చేది ఆగుతుంది. మీ జాగాలో ఉన్న కంపెనీయే దివాలా కోర్టుకు పోతే ఇంకో చిక్కు. 2016 దివాలా చట్టం సెక్షన్ 14 కింద మారటోరియం మొదలవుతుంది. అది ఉన్నన్నాళ్లూ ఆ కంపెనీ చేతిలో ఉన్న జాగాను యజమాని వెనక్కి తీసుకోలేడు. నేల మీదే, తాళం వాళ్లది.

టవర్ ఇల్లా, సరుకా?

ఇప్పుడు కాస్త విచిత్రం. 2016 డిసెంబర్‌లోనే, అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు మొబైల్ టవర్ మీద ఆస్తి పన్ను వేయొచ్చంది. అంటే పన్ను లెక్కకు టవర్ ఒక కట్టడం. 2024 నవంబర్‌లో ఎయిర్‌టెల్ కేసులో, సెన్వాట్ క్రెడిట్ లెక్కకు టవర్ కదిలించగల సరుకు అంది. ఒకే ఇనుము, ఒక లెక్కకు ఇల్లు, ఇంకో లెక్కకు సరుకు.

ఈ రెండింటి మధ్యలో 2023 డిసెంబర్‌లో టెలికమ్యూనికేషన్స్ యాక్ట్ వచ్చింది. 1885 చట్టం స్థానంలోకి వచ్చింది ఇదే. దోవ హక్కు సెక్షన్లు 2024 జూన్ 26న, వాటి రూల్స్ 2025 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. సెక్షన్ 14 ప్రకారం, స్థలం మీద పెట్టిన టెలికాం నెట్‌వర్క్ ఆ స్థలంలో భాగం కాదు. మీ చేను బ్యాంకు వేలానికి పోయినా టవర్ ఆ వేలంలోకి రాదు. మీ ఆస్తి పన్నులో కూడా అది కలవదు. కంపెనీకి కూడా మీ నేల మీద వాడుక తప్ప వేరే హక్కు రాదు. యూజర్ ఓన్లీ అన్న ఆ పాత మాట కొత్త చొక్కా వేసుకుని వచ్చింది.

అసలు విషయం సెక్షన్ 12లో ఉంది. ప్రైవేటు స్థలంలో కంపెనీ యజమానితో ఒప్పందం చేసుకోవాలి. యజమాని దోవ ఇవ్వకపోతే, ప్రజా ప్రయోజనానికి అవసరమని కేంద్రం తేల్చితే, ఆ దోవ హక్కును కేంద్రమే తెప్పించి ఇవ్వొచ్చు. మొదట్లో అడిగాను కదా, ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెప్తారు, ఎందుకని. ఆ తేడా ఇప్పటికీ ఉంది. కానీ అరుగు మీద కూర్చుని అడిగేవాడి వెనక కూడా ఇప్పుడు, అవసరమైతే చెప్పగలిగే సర్కారు నిలబడి ఉంది.

అన్నదమ్ముల మధ్య దోవ

ఇదంతా ఢిల్లీ సంగతి. ఊళ్లో తగాదా మాత్రం చాలా దగ్గరగా మొదలవుతుంది.

ఒక ఐదెకరాల చేను అనుకోండి. రోడ్డు తూర్పున ఉంది, టవర్ పడమటి మూలలో ఉంది. తండ్రి సంతకం పెట్టాడు. పదేళ్లకు ఇద్దరు కొడుకులు పంచుకున్నారు. పడమర పెద్దోడికి, తూర్పు చిన్నోడికి. బాడుగ పెద్దోడి ఖాతాలో పడుతుంది. డీజిల్ బండి మాత్రం చిన్నోడి చేలోంచి పోతుంది. వాన పడ్డ వారంలో నల్లరేగడిలో టైర్లు దిగబడితే చాళ్లు చెడేది చిన్నోడికి, డ్రిప్ పైపు తెగేది చిన్నోడికి. గేటు వేశాడనుకోండి, కంపెనీ పెద్దోడికి నోటీసు పంపుతుంది. అన్న తమ్ముడి మీదికి పోతాడు. సెక్షన్ 13 ప్రకారం అన్న భాగానికి వేరే దోవ లేకపోతే తమ్ముడు దోవ ఇవ్వాల్సిందే. కానీ బాడుగలో తమ్ముడికి వాటా ఇవ్వాలని ఏ సెక్షన్ చెప్పదు. అది పంపకాల కాగితంలో రాసుకోవాలి. ఆ ఒక్క లైను రాయకపోవడం వల్ల పండక్కి కూడా మాటల్లేని ఇళ్లు నేను చూశాను.

పక్క చేనాయన సంగతి కూడా అంతే. టవర్ బండి మీ చేలోంచి కాకుండా ఆయన చేలోంచి అడ్డంగా పోతూ ఉంటే, 20 ఏళ్లు దాటాక దాన్ని హక్కు అనే వాదన వస్తుంది. ఆయన స్థానంలో మీరున్నా ఇదే లెక్క. టవర్ మీది కాదు, బాడుగ మీది కాదు, దోవ మాత్రం మీ చేలోంచి పోతుంది.

అందుకే అగ్రిమెంట్ ముందుకొచ్చినప్పుడు చూడాల్సినవి చెప్తా.

ఒకటి, దోవను మాటల్లో వదలకండి. ఎఫ్ఎంబీ స్కెచ్ మీద గీయించండి. ఏ సర్వే నంబరులోంచి, ఎన్ని అడుగుల వెడల్పు, ఎంత పొడవు అన్నది రాయించండి.

రెండు, ఆ దోవ అనుమతి మాత్రమేనని, లీజుతో పాటే అయిపోతుందని రాయించండి. సెక్షన్ 60 వాదనకు, సెక్షన్ 15 వాదనకు రెండింటికీ ఈ ఒక్క లైనే మందు.

మూడు, పంట, గట్టు, పైపు నష్టం ఎవరు కడతారు, ఎన్ని రోజుల్లో అన్నది పెట్టించండి.

నాలుగు, కంపెనీ మారితే ముందుగా రాతపూర్వకంగా చెప్పాలని, పాత బాకీ కొత్తవాడు కట్టాలని పెట్టించండి. లీజు అయ్యాక ఇనుమే కాదు, పునాది కాంక్రీటు కూడా తీసేసి నేల చదును చేయాలని రాయించండి.

ఐదు, ఎవరు ఎప్పుడు ఆపేయొచ్చో చూడండి. కంపెనీ రెండు మూడు నెలల నోటీసుతో పోవచ్చు, మీరు మాత్రం పదిహేనేళ్లు కదలకూడదు అన్న లైను చాలా కాగితాల్లో ఉంటుంది. అడిగితే కొంచెమైనా మారుస్తారు, అడగకపోతే అసలు మార్చరు.

ఇంకొక్క మాట. టవర్ పెడతాం, నెలకు ఇంత బాడుగ, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి అని ఫోన్‌లోనో, వాట్సాప్‌లోనో వస్తే అది మోసం. ట్రాయ్ టవర్లకు ఎన్ఓసీలు ఇవ్వదు, ఫీజులు అడగదు. వాళ్లే ఎన్నిసార్లు చెప్పినా మన ఊళ్లలో డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది మీరే చెప్పాలి.

మన్రో సర్వే చేను కొలిచింది. 1882 చట్టం దోవకు పేరు పెట్టింది. 1885 చట్టం నేల రైతుదే, వాడుక మాదే అంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏ చట్టమూ ఆ నేల మీది కాదని అనలేదు. కానీ దోవ ఎవరిదో, ఎంతకాలమో అన్నది మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తేనే తేలింది. టవర్ కాగితాన్ని ఇప్పటిదాకా కంపెనీయే రాస్తోంది. బీరువాలో మీ ఇంటి అగ్రిమెంట్ ఉంటే ఒకసారి తీయండి, దోవ అన్న మాట ఎక్కడుందో వెతకండి. లేకపోతే, గడువు పొడిగించడానికి కంపెనీ మనిషి మళ్లీ అరుగు మీద కూర్చునే రోజు మీ చేతిలో ఎఫ్ఎంబీ స్కెచ్ ఉండాలి.

వచ్చే ఎపిసోడ్‌లో చుక్కల భూముల గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఉంటా మరి.